పెద్దోడు, నడిపోడు, ఆర్గ్-టూ

మా చిత్తూరు వైపు బిడ్డకు పేరు పెట్టడమంటే సామాన్యమైన పని కాదు. ఇంటిదేవుడి పేరు ముందుండాలి. ఏడుకొండలవాడు ఎక్కడో ఒకచోట తగలాలి. పోయిన తాత కలవాలి. తల్లి తరపువాళ్ళు అలగకుండా వాళ్ళ పెద్దాయన పేరు కూడా ఒక ముక్క ఇరికించాలి. అయ్యవారు నక్షత్రం చూసి ఒక అక్షరం చేతిలో పెడతాడు. ఆ అక్షరాన్ని పట్టుకుని బెంగళూరులో ఉండే మేనత్త రాత్రంతా ఫోన్లో వెతికి, ఇంట్లో ఎవరి నోరూ తిరగని పేరొకటి తెస్తుంది. అన్నీ కలిపి బియ్యంలో రాయబోతే పళ్ళెం చాలదు. 'మునివెంకట సాయి లోహితాక్ష కుమార్' అని మూడుసార్లు చెవిలో చెప్పి, పాయసం తాగి, చేతులు కడుక్కున్నారో లేదో, అవ్వ ఉయ్యాల దగ్గరికి పోయి "ఏం రా చిన్నోడా" అంటుంది. అంతే. ఇక వాడు ముసలివాడయ్యేదాకా చిన్నోడే.

మా అవ్వకు ముగ్గురు కొడుకులు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. వాళ్ళకు వేరే పేర్లున్నాయని రేషన్ కార్డుకు తెలుసు, ఓటర్ల జాబితాకు తెలుసు, పాకాల దగ్గరి మా పల్లెలో మనుషులకు తెలీదు. ఒకసారి బ్యాంకు తాలూకు మనిషొకాయన మోటార్ సైకిలు మీద వచ్చి "మునికృష్ణయ్య ఇల్లెక్కడమ్మా" అని అడిగితే, అవ్వ బాగా ఆలోచించి, "ఆ పేరుగలోడు ఈ ఊళ్ళో యాడుండాడు నాయనా, పక్కూళ్ళో కనుక్కో పో" అని పంపేసింది. ఆ మునికృష్ణయ్య పక్కనే నులకమంచం మీద కూర్చుని వక్కాకు వేసుకుంటున్నాడు. అప్పు బాకీ ఉన్నవాడు గనక ఆయనా నోరు మెదపలేదనుకోండి, అది వేరే సంగతి. అవ్వ మాత్రం అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో ఆ మంచం మీద కూర్చున్నవాడు నడిపోడు.

జావా కంపైలరుది కూడా అచ్చం మా అవ్వ బుద్ధి.

నేను పనిచేసే టీము చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. తోతాపురి కాయ సంగతి ఈ వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం ఒక ముక్క: మొన తేలిన ఆ కాయ చెట్టు మీద ఉన్నంతసేపు రైతుది, కోసిన మరుక్షణం నుంచీ దాని ధర ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలీదు. జూన్, జులై నెలల్లో ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లూ లారీలూ. నిండు బండి కాటా ఎక్కుతుంది, తూకం పడుతుంది. కాయ దించి ఖాళీ బండి ఎక్కుతుంది, మళ్ళీ తూకం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే కాయ బరువు. అందులోంచి తరుగు కొట్టేస్తే మిగిలింది రైతు చీటీ. లెక్క మొత్తం ఇంతే. దీనికి మేము రాసిన కోడు ఎంతుందో చెబితే మీరు నమ్మరు.

అందులో ముఖ్యమైన మెథడ్ ఒకటుంది, నికరబరువు అని. దానికి నాలుగు పారామీటర్లు: లారీనంబరు, లోడుబరువు, ఖాళీబరువు, తరుగు. మొదటిది స్ట్రింగ్, మధ్యలో రెండూ డబుల్, చివరిది బూలియన్. ఆ పేర్ల కోసం మేము మీటింగు పెట్టుకున్నాం. రివ్యూలో ఒకాయన 'లోడు' వద్దు 'నిండు' అన్నాడు, ఇంకొకాయన రెండూ వద్దు ఇంగ్లీషులో పెడదాం అన్నాడు. అంత రాద్ధాంతం చేసి ఖాయం చేసిన పేర్లను జావాసీ అనే ఆ కంపైలరు చేతికిచ్చాం. అది శుభ్రంగా చదివింది, రెండు తప్పులకు అరిచింది, దిద్దాక డాట్ క్లాస్ ఫైలు రాసిచ్చింది. ఆ ఫైల్లో క్లాసు పేరుంది. మెథడ్ పేరుంది. ఫీల్డుల పేర్లున్నాయి. ఏది స్ట్రింగో ఏది డబులో రకాలన్నీ ఉన్నాయి. పారామీటర్ల పేర్లు మాత్రం గల్లంతు. రిఫ్లెక్షన్ ద్వారా పోయి "నీ పారామీటర్ల పేర్లు చెప్పవమ్మా" అని అడిగితే ఆర్గ్0, ఆర్గ్1, ఆర్గ్2, ఆర్గ్3 అంటుంది. పుట్టిన వరస ప్రకారం. నలుగురు కొడుకులుంటే మా వైపు రెండోవాణ్ణి పెద్ద నడిపోడు, మూడోవాణ్ణి చిన్న నడిపోడు అనైనా అంటారు. జావా వాళ్ళు అంత మర్యాద కూడా పెట్టుకోలేదు.

నాకు బాగా మండేదేమంటే, ప్రతి డాట్ క్లాస్ ఫైలూ నాలుగు బైట్ల గుర్తుతో మొదలవుతుంది. ఆ బైట్లను పదహారు అంకెల పద్ధతిలో చదివితే 'కేఫ్‌బేబ్' అని వస్తుంది. ప్రపంచంలో ఏ జావా ఫైలు తెరిచినా నుదుటి మీద ఇదే. వాళ్ళ సరదా పేరు ముప్పై ఏళ్ళుగా ప్రతి ఫైలులోనూ చెక్కుచెదరకుండా ఉంది. నేను మీటింగు పెట్టుకుని నిర్ణయించిన ఖాళీబరువుకు చోటు లేదంట.

న్యాయంగా చెప్పాలంటే యంత్రానికి ఆ పేర్లతో పని లేదు. ఒక క్లాసు ఇంకో క్లాసును పిలవాలంటే మెథడ్ పేరూ రకాలూ తెలిస్తే చాలు, కాబట్టి అవి ఉంచుతుంది. పారామీటర్లను జావాలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, వరస పెట్టి పంపుతారు. లోపల వాటికి ఉండేవి గడులు. సున్నా గడిలో ఆ వస్తువే, అంటే 'దిస్', కూర్చుంటుంది. ఒకటో గడిలో లారీనంబరు. డబుల్, లాంగ్ అనే రెండు రకాలకు మాత్రం ఒక్కొక్కదానికి రెండేసి గడులు కావాలి. ఈ కారణంగా పోయిన సీజన్లో ఒక తమాషా జరిగింది.

కాటా యంత్రం అమ్మినవాళ్ళు దాంతో మాట్లాడటానికి ఒక జార్ ఫైలు ఇచ్చారు. సోర్సు ఇవ్వలేదు. మా టీములో కొత్తగా చేరిన పుంగనూరు పిల్లోడు దాన్ని ఇంటెలిజే అనే ఎడిటరులో తెరిచి, మా నికరబరువులాగే తూకం లెక్కేసే మెథడ్ ఒకటి చూశాడు. ఇంటెలిజేలో ఉండే డీకంపైలరు బైట్‌కోడును తిరగేసి మళ్ళీ జావాలా చూపిస్తుంది. పేర్లు లేవు గనక గడి నంబరును బట్టి తనే పేర్లు పెట్టుకుంటుంది. పిల్లోడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, దీంట్లో వార్1, వార్2, వార్4, వార్6 ఉండాయి. వార్3, వార్5 యాడికి పోయినాయినా? దాచినారా?"

"దాచలేదప్పా. రెండూ నాలుగూ డబుల్స్. ఒక్కొక్కటి రెండు గడులు ఆక్రమించుకుంటాది."

"మరి ఈ రెండిట్లో లోడుబరువు ఏదినా?"

అదే కదా అసలు ప్రశ్న. రెండూ డబులే. తిరగేసి పంపితే కంపైలరు నోరెత్తదు, రకాలు సరిపోయాయి కాబట్టి. ఖాళీ బండిలోంచి నిండు బండిని తీసేస్తుంది. ఎనిమిది టన్నుల కాయ తోలిన రైతుకు మైనస్ ఎనిమిది టన్నులని చీటీ వస్తుంది. అంటే కాయ ఇచ్చినోడే ఫ్యాక్టరీకి ఎదురు బాకీ. మామిడి రైతుకు ఈ అనుభవం పూర్తిగా కొత్తదని నేను అనను గానీ, సాఫ్ట్‌వేరు ద్వారా జరగడం బాగుండదు. పరీక్షగా రెండు అంకెలు పంపి చూసి ఆ చిక్కు విప్పుకున్నాం.

నాలుగోది బూలియన్, అది అంత తేలిగ్గా లొంగలేదు. ట్రూ అంటే తరుగు తీసేయమనా, లేక ఇప్పటికే తీసేశామనా? పంపి చూస్తే రెండింటికీ ఒకే జవాబు వస్తోంది. యంత్రం అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. "డాక్యుమెంటు పంపినాం గదా సార్, చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను. ఆర్గ్3 ఎదురుగా చక్కగా టైపు చేసి ఉంది: 'బూలియన్ విలువ. ట్రూ గానీ ఫాల్స్ గానీ ఇవ్వవచ్చు.' ఆ వాక్యం రాసినవాడి మీద నాకు కోపం లేదు. వాడి ముందు కూడా జార్ ఫైలే ఉండి ఉంటుంది.

ఇలాంటి కష్టం పాతకాలపు వాళ్ళు ఇంకా ఎక్కువ పడ్డారు. 2006 చివర్లో వచ్చిన జావా 6లో సోప్ వెబ్ సర్వీసులు రాసుకునే సరంజామా కలిపి ఇచ్చారు. క్లాసు రాసి, పైన ఒక అనోటేషన్ తగిలిస్తే, సర్వీసు ఒప్పందం దానంతటదే తయారయ్యేది. అందులో పారామీటర్ల పేర్లు ఆర్గ్0, ఆర్గ్1. ప్రతిదాని ముందూ వెబ్‌పారామ్ అని ఇంకో అనోటేషన్ పెట్టి, పేరు మళ్ళీ కోట్స్‌లో రాస్తే గానీ అసలు పేరు బయటికొచ్చేది కాదు. పెట్టని మహానుభావుల సర్వీసులు ఇప్పటికీ కొన్ని ఆఫీసుల్లో నడుస్తున్నాయి. వాటికి క్లయింటు రాసే పని పడ్డవాళ్ళను చూస్తే గుర్తుపట్టవచ్చు. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: ఆర్గ్0 అంటే కస్టమరు, ఆర్గ్1 అంటే తేదీ, ఆర్గ్2 అడగొద్దు.

అయితే స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కు వాడేవాళ్ళకు ఈ బాధ తెలిసేది కాదు. కంట్రోలర్‌లో పారామీటరుకు లారీ అని పేరు పెడితే, అడ్రసులో వచ్చిన లారీ నంబరు తెచ్చి సరిగ్గా దాంట్లోనే పడేసేది. పేరు పోయిందన్నారు కదా, మరి దీనికెలా తెలుస్తోంది? కొందరు దీన్ని మహిమ అనుకున్నారు. మహిమా లేదు, మంత్రమూ లేదు, దొంగదారి ఉంది. డీబగ్గర్ వాడేవాళ్ళ కోసం '-జీ' అనే ఆప్షనుతో కంపైలు చేస్తే, మెథడ్ కోడు పక్కనే లోకల్ వేరియబుల్ టేబుల్ అని ఒక పట్టీ రాస్తుంది. ఏ గడిలో ఉన్నదాని పేరేమిటో అందులో ఉంటుంది. బిల్డు చేసే మేవెన్ అడగకుండానే '-జీ' పెట్టి కంపైలు చేస్తుంది. స్ప్రింగ్ గుట్టుగా క్లాస్ ఫైలు బైట్లను తిరగేసి ఆ పట్టీలోంచి పేర్లు లాక్కునేది. ఆ పని చేసే క్లాసు పేరు లోకల్‌వేరియబుల్‌టేబుల్‌పారామీటర్‌నేమ్‌డిస్కవరర్. ఊరందరి పేర్లు వెతికిపెట్టే ఆయనకు మా మేనత్తే పేరు పెట్టిందేమో.

ఈ దారిలో ఒక లోటుంది. ఆ పట్టీ మెథడ్ ఒంట్లో, అంటే కోడులో భాగం. ఇంటర్‌ఫేసులో ఉండే మెథడ్‌కు మామూలుగా ఒళ్ళే ఉండదు, రెండు కుండలీకరణాలూ ఒక సెమీకోలనూ తప్ప. కోడు లేదు గనక పట్టీ లేదు, పట్టీ లేదు గనక పేరు లేదు. అందుకే డేటాబేసు పనికి మైబాటిస్ వాడినవాళ్ళ మ్యాపర్ ఇంటర్‌ఫేసుల నిండా, ప్రతి పారామీటరు ముందూ, పారామ్ అని అనోటేషన్ పెట్టి దాని పేరు దానికే ఇంకోసారి చెప్పి ఉంటుంది. పాత ప్రాజెక్టుల్లో అది చూసి 'ఈయనకు మతిమరుపా' అని నవ్వుకునే పిల్లలున్నారు. మతిమరుపు ఆయనకు కాదు నాయనా, కంపైలరుకు.

సరైన దారి 2014 మార్చి 18న వచ్చింది. ఆ రోజు విడుదలైన జావా 8లో, జెప్ 118 అనే ప్రతిపాదన కింద, జావాసీకి '-పారామీటర్స్' అనే ఆప్షను చేర్చారు. అది పెడితే క్లాస్ ఫైలులో మెథడ్ పారామీటర్స్ అని ప్రత్యేకంగా ఒక విభాగం రాస్తుంది. ఒళ్ళున్న మెథడ్‌కైనా లేని మెథడ్‌కైనా సరే. రిఫ్లెక్షన్‌లో పారామీటర్ అని కొత్త క్లాసు వచ్చింది. గెట్‌నేమ్ అని అడిగితే పేరు చెబుతుంది. ఈజ్‌నేమ్‌ప్రెజెంట్ అని ఇంకో ప్రశ్న కూడా ఉంది. అంటే, చెప్పింది నిజం పేరా లేక పెద్దోడు-చిన్నోడు బాపతా అని నిలదీయవచ్చు. బ్యాంకాయన అవ్వను ఈ రెండో ప్రశ్న అడిగుంటే మా నడిపి చిన్నాయన ఆ రోజే దొరికిపోయేవాడు.

ఇంత చేసి, ఆ ఆప్షనును వద్దంటే తప్ప ఉండేలా పెట్టారా? లేదు. అడిగితేనే ఇస్తారు. ఎందుకని ఒరాకిల్ వాళ్ళ జావా పాఠాల్లోనే రాసుంది. ఒకటి, ఫైలు సైజు పెరుగుతుంది, జేవీఎం మెమరీ ఎక్కువ తింటుంది. రెండు, సీక్రెట్, పాస్‌వర్డ్ వంటి పారామీటర్ పేర్లు బయటపడితే భద్రతకు సంబంధించిన మెథడ్‌ల గుట్టు తెలిసిపోవచ్చు.

సైజు సంగతి నేను కాగితం పెట్టి లెక్కేశాను. మా నికరబరువుకు ఈ విభాగం తలకట్టు ఆరు బైట్లు, ఎన్ని పారామీటర్లో చెప్పడానికి ఒకటి, ఒక్కోదానికి నాలుగు చొప్పున పదహారు. మొత్తం 23. పైన పేర్ల అక్షరాలు. జావాలో వేరియబుల్ పేరు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు, కంపైలరు కిక్కురుమనదు. కాకపోతే క్లాస్ ఫైలులో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది, కొమ్ములూ గుడులూ విడిగా లెక్క. 'బరువు' అని రాస్తే దాని బరువు 15 బైట్లు. సరే, తిననీ. స్ప్రింగ్ బూట్‌లో ఏమీ చేయని వెబ్ ప్రోగ్రాము ఒకటి కట్టి చూడండి, పదుల మెగాబైట్ల జార్ తయారవుతుంది. అంత మూట మోసేవాడు 23 బైట్ల దగ్గర పొదుపు పాఠం చెబితే వినాలా?

రెండో కారణం ఇంకా సొగసు. పాస్‌వర్డ్‌మార్చు అనే మెథడ్ పేరు క్లాస్ ఫైలులో పట్టపగల్లా కనబడుతూనే ఉంటుంది. దాని లోపలికి పోయేది పాస్‌వర్డు అన్న రహస్యాన్ని మాత్రం భద్రంగా కాపాడతారంట. పేర్లు నిజంగా దాచాలనుకున్నవాళ్ళు ప్రోగార్డ్ లాంటివి వాడి క్లాసుల పేర్లూ మెథడ్‌ల పేర్లూ అన్నిటినీ ఏ, బీ, సీలుగా మార్చేస్తారు. అది దాచడం. ఇది ఉత్త మొహమాటం.

పక్కవీధి సీషార్ప్‌లో ఈ పంచాయితీయే లేదు. పేర్లు మొదటినుంచీ ఉంచుతారు, 2010 నుంచీ పేరు పెట్టి పారామీటరు పంపనిస్తారు కూడా. జావాలోనూ రికార్డులకు ఈ అదృష్టం పట్టింది. 2021 మార్చిలో వచ్చిన జావా 16తో స్థిరపడ్డ ఈ రికార్డుల్లో భాగాల పేర్లు ఏ ఆప్షనూ పెట్టకుండానే క్లాస్ ఫైలులో నిలుస్తాయి. చివరి సంతానానికి దక్కే గారాబం అది. పెద్దోళ్ళకు లేదు.

ఇక అసలు కథకు వద్దాం. 2023 నవంబరులో స్ప్రింగ్ 6.1 వచ్చింది, ఆ నెలలోనే స్ప్రింగ్ బూట్ 3.2. ఆ దొంగదారిని వాళ్ళు పూర్తిగా పీకేశారు. పేర్లు కావాలంటే '-పారామీటర్స్' పెట్టి రండి, లేదా అనోటేషన్‌లో పేరు రాసుకోండి అన్నారు. నిజానికి 6.0లోనే 'ఇది పోతుంది' అని హెచ్చరిక వేశారు. లాగ్‌లో వచ్చే హెచ్చరికలు చదివే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు. మీ ఆఫీసులో ఉంటే ఆ మనిషిని జాగ్రత్తగా చూసుకోండి.

స్ప్రింగ్ బూట్ వాళ్ళిచ్చే పేరెంట్ పామ్ (మేవెన్ సెట్టింగుల ఫైలు) వాడేవాళ్ళకు ఏమీ కాలేదు, అందులో ఆ ఆప్షను ముందే ఉంది. మాది కంపెనీ సొంత పేరెంట్ పామ్. అది రాసినాయన ఎప్పుడో అమెరికా వెళ్ళిపోయాడు. ఫైలు నెత్తిన 'దీన్ని ముట్టుకోవద్దు' అని కామెంటు పెట్టి మరీ వెళ్ళాడు. పై నుంచి వెర్షన్లు పెంచమని హుకుం వచ్చింది. ఎప్పుడు? నవంబరులో కాదు, ఖాళీగా ఉండే జనవరిలో కాదు. జూన్‌లో, తోతాపురి దిగే వారంలో.

అప్లికేషను చక్కగా లేచింది. బిల్డు పచ్చగా ఉంది. మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది, గేటు దగ్గర ట్యాబ్‌లో అబ్బాయి బటను నొక్కాడు, ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ రోగం లక్షణమే అది. కంపైలయ్యేటప్పుడు తెలీదు, లేచేటప్పుడు తెలీదు, ఎవరైనా వచ్చి తలుపు తట్టేదాకా తెలీదు.

పుంగనూరు పిల్లోడు ఫోన్ చేశాడు. "అన్నా, నా కాడ బాగానే పనిచేస్తా ఉంది, సర్వర్లో చచ్చిపోతా ఉంది."

"ఎర్రర్ ఏమనిందిరా?"

"ఏందో స్ట్రింగ్ అంటాది, ఆర్గ్యుమెంట్ అంటాది..."

"చివరిదాకా చదువు."

చదివాడు. ఫలానా రకం ఆర్గ్యుమెంటుకు పేరు చెప్పలేదు, రిఫ్లెక్షన్‌లోనూ దొరకలేదు, కంపైలరు '-పారామీటర్స్' వాడేలా చూసుకోండి. రోగమూ మందూ రెండూ ఒకే వాక్యంలో చెప్పే ఎర్రర్లు మన జీవితంలో ఎన్నొస్తాయి? మందు వాక్యం చివర్లో ఉండటం ఒక్కటే దాని తప్పు. అంతదూరం ఎవరూ చదవరు.

వాడి దగ్గర ఎందుకు పనిచేసిందంటే, వాడు కోడు రాసుకునేది ఎక్లిప్స్‌లో, దాని సెట్టింగుల్లో 'మెథడ్ పారామీటర్ల సమాచారం భద్రపరచు' అనే గడికి టిక్కు పెట్టి ఉంది. కాలేజీలో ఎవరో సీనియర్ పెట్టించాడంట, ఎందుకో వాడికీ తెలీదు. సర్వరు బిల్డు మేవెన్ చేస్తుంది, దానికి ఆ టిక్కు సంగతి తెలీదు.

ఈలోగా ఫ్యాక్టరీ తరపు కోఆర్డినేటరు లైన్లోకి వచ్చాడు. ఆయన వెనక ట్రాక్టరు హారన్లు వినబడుతున్నాయి.

"ఏమి సార్ ప్రాబ్లం?"

"పారామీటర్ల పేర్లు పోయినాయి సార్."

"పోవడమేంది? ఎవరు తీసేసినారు?"

"జావాసీ సార్."

"కాంట్రాక్టు మనిషా? ముందు ఆయప్పను లైన్లోకి తీసుకోండి."

పామ్‌లో, ముట్టుకోవద్దన్న కామెంటు కిందే, ప్రాపర్టీల మధ్య మేవెన్ డాట్ కంపైలర్ డాట్ పారామీటర్స్ అని పెట్టి ట్రూ అన్నాము. పాత క్లాసులు మిగలకుండా క్లీన్ కొట్టి, మళ్ళీ బిల్డు చేసి, జావాపీతో క్లాస్ ఫైలు తెరిచి చూశాం. లారీనంబరు, లోడుబరువు, ఖాళీబరువు, తరుగు. మీటింగులో కొట్టుకున్న పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ట్రాక్టర్లు కదిలాయి. కోఆర్డినేటరు మాత్రం ఆ జావాసీ అనే మనిషి మీద చర్య ఏం తీసుకున్నారో రాతపూర్వకంగా కావాలన్నాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పేర్లు నిలిచాయి కదా, ఇప్పుడు ఆ పేర్లకు అధికారం వచ్చింది. అంతకుముందు మేము లోపలి వ్యవహారమనుకున్న పారామీటరు పేరు, కంట్రోలర్‌లో అయితే, బయటి ప్రపంచానికి ఇచ్చిన మాట. పట్టీలోంచి తీసుకున్న రోజుల్లోనూ అంతే, కానీ అప్పుడు మాకు తెలీదు గనక భయం లేదు. ఒక రివ్యూయరు 'లారీ అంటే ట్రాక్టర్లు రావా, వెహికల్ అని పెట్టు' అన్నాడు. పిల్లోడు మార్చాడు. గేటులో ట్యాబ్ పాత పద్ధతిలో లారీ అనే పంపుతోంది. సర్వరు నాలుగు వందల నంబరు ఎర్రరుతో 'వెహికల్ అనే పారామీటరు రాలేదు' అని తిప్పి పంపింది. కోడులో ఒక్క పేరు మార్చినందుకు, కాటా మళ్ళీ ఆగింది.

అందుకని నా తీర్పు ఇది. బయటివాళ్ళు తట్టే తలుపుల దగ్గర, అంటే కంట్రోలర్లలో, అనోటేషన్‌లోనే పేరు కోట్స్‌లో రాయండి. లోపల పారామీటరుకు వెహికల్ అని పెట్టుకున్నా, బయటికి లారీ లారీగానే ఉంటుంది. చాదస్తమని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. మిగతా కోడు అంతటికీ '-పారామీటర్స్' ఉండాల్సిందే. మీరు జార్ కట్టి ఇతరులకు ఇచ్చేవాళ్ళయితే మరీ ముఖ్యం. సోర్సు ఇవ్వకపోయినా ఫరవాలేదు, పేర్లయినా ఇవ్వండి. కాటా కంపెనీవాళ్ళ ఆర్గ్3 ఏమిటో మాకు ఇవ్వాళ్టికీ తెలీదు. ఫాల్స్ పంపుతున్నాం, రైతులెవరూ ఇంతవరకూ గొడవ చేయలేదు.

జావా 8 వచ్చి పదేళ్ళు దాటింది. జావాసీ ఇప్పటికీ ఆ ఆప్షను తనంతట తాను పెట్టదు. మీ ప్రాజెక్టు సొంత పేరెంట్ పామ్ మీద నడుస్తుంటే ఈ వారమే తెరిచి చూడండి. గ్రేడిల్ అయితే కంపైలర్ ఆర్గ్యుమెంట్లలో '-పారామీటర్స్' ఉందా అని చూడండి. లేకపోతే చేర్చి, క్లీన్ కొట్టి, మొత్తం మళ్ళీ కట్టండి. ఏం చేసినా మే నెలలోపల చేయండి, కాయ దిగాక ఎవరూ మీ ఫోన్ ఎత్తరు.